మొన్న కాలిపోయిన ఊరు

అన్నయ్యకి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా కూడా బాగున్నారనే అనుకుని మొదలుపెడుతున్నాను, అలా అనుకోకపోతే నాకు కలం కదలదు.

పడుకుని పడుకుని పడ్డ పుండ్లు మానాయని రాశావు. అయినా పరుపు మార్చమని అమ్మకి మళ్ళీ చెప్పు. నడుం కింద తెలియడం లేదు కదా అని నువ్వు ఊరుకుంటావు, అదే నా భయం.

"దానిది ఉద్యోగమా, కూర్చోబెట్టి ఆటలాడిస్తున్నారా?" అని అమ్మ అడిగిందట. ఉద్యోగమే అని చెప్పు. మా కంపెనీ చేసే కంప్యూటర్ ఆట కథలో ఏ యుద్ధం ఎప్పుడు జరిగింది, చచ్చినవాడు తర్వాతి భాగంలో లేచొచ్చి పెళ్ళి చేసుకుంటున్నాడా, ఇవి చూసుకోవడం నా పని. లేని రాజ్యానికి గుమాస్తాననుకో.

ఇక నువ్వు అడిగింది. ఆటలో నువ్వు ఇల్లు కట్టుకుని, సాయంత్రాలు నడిచి తిరిగే ఆ నది ఒడ్డు ఊరు. దానికేమీ కాదు కదా అన్నావు.

మొదటి భాగంలో ఒక సిపాయి "ఆ ఊరు మొన్ననే కాలిపోయింది" అంటాడు. అది రాసిన పెద్దాయన మన తాతయ్య లాంటివాడు, ముప్ఫై ఏళ్ళ నాటిదీ ఆయనకి మొన్నే. కాలింది, మళ్ళీ కట్టుకున్నారు, అంతే. కానీ అనువాదం చేసినవాళ్ళు అన్ని భాషల్లోనూ "రెండు రోజుల కింద" అని పెట్టేశారు. రెండు రోజుల కింద బూడిదైన ఊళ్ళో ఇంతమంది జనం ఎక్కడివాళ్ళని ఆడేవాళ్ళు నిలదీస్తున్నారు.

మా పై అధికారిని మేం చాటుగా కత్తెర అంటాం. ఆయనతో వాదించాను.

"మా ఇంట్లో మొన్న అంటే ఎప్పుడైనా కావచ్చు సార్."

"మీ ఇంట్లో కదా తల్లీ. బయట రెండు రోజులే. గొంతులు కూడా రికార్డయిపోయాయి. ఆ మాట మార్చడం కంటే ఊరు తీసెయ్యడం తేలిక."

పెద్దాయన్నే అడుగుదామంటే, ఆయన పోయి చాలా కాలమైంది.

ఇంతసేపూ తిప్పి తిప్పి రాశాను. చెప్పాల్సింది ఇదీ: వచ్చే నెల నుంచి ఆ ఊరుండదు. నీ ఇల్లూ, రోజూ ఎదురొచ్చి నీతో కబుర్లాడే ఆ కమ్మరీ, అతని కొట్టూ, అన్నీ పోతాయి. అక్కడ నీళ్ళుంటాయి. వేరేచోట ఇల్లిస్తారట. తీసుకోమని నేను అనలేను.

నీలాంటివాళ్ళు వచ్చి వెతుక్కుంటారు కదా. రేవులో పడవవాణ్ణి అడుగుతారు. వాడు ఏమనాలో రాసే పని నాకే పడింది. వరదొచ్చిందని రాశాను, అందరూ ఎటో తరలిపోయారని రాశాను. కత్తెర అన్నీ కొట్టేశాడు. వరద అంటే మళ్ళీ అదెప్పుడొచ్చిందో చెప్పాలి. చివరికి ఒప్పుకున్నది రెండు మాటలు.

నువ్వు మాత్రం వాణ్ణి అడగకు, అన్నయ్యా. అడిగితే "ఏ ఊరు?" అంటాడు.

ఇట్లు,
నీ చెల్లి