అక్క బొంత పీలిక

మస్తాన్ అన్నయ్యకి,

నీ చెల్లెలు మీరాబీ సలాం చేసి రాస్తున్నది. నువ్వూ వదినా పిల్లలూ ఎలా ఉన్నారని ముందు అడగాలి, పద్ధతి. అడిగాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, దళసరి కోటు కొనుక్కున్నాను, పనికి పోతున్నాను, నా గురించి బెంగపడొద్దు. మీ బాగోగుల గురించి నువ్వేం చెప్పినా ఇక నేను నమ్మను. వదిన చేత సొంత చేతిరాతతో నాలుగు ముక్కలు రాయించి పంపు.

అక్క పోయిందని నాకు తెలిసిపోయిందన్నయ్యా. పటమట హసీనా ఫోన్ చేసింది. "ఏమే, తోడబుట్టిన అక్క నలభయ్యోరోజు ఫాతిహాకి కూడా రాలేకపోయావా? అంత తీరుబడిలేని ఉద్యోగమా తల్లీ నీది?" అంది. గిన్నెలు కడుగుతున్నదాన్ని. "ఎవరి ఫాతిహా?" అన్నాను. పాపం అది గబుక్కున ఫోన్ పెట్టేసింది. అప్పట్నుంచి నువ్వెన్నిసార్లు చేసినా నేను ఎత్తలేదు. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నువ్వేడిస్తే నేను కరిగిపోతాను. కాగితమైతే నోరు మూసుకుని చివరిదాకా చదవాల్సిందే కదా.

"నీ మంచికేనే" అని మెసేజ్ పెట్టావు. నర్సు పరీక్ష దగ్గర పడింది, చెబితే మనసు పాడవుతుంది, అక్కే చెప్పొద్దంది అన్నావు. అని ఉంటుంది, అది అలాంటి మనిషే. కానీ చెప్పకపోవడం వేరు, బాగుందని చెప్పడం వేరు. నీ మాట పట్టుకుని నేనిక్కడేం చేశానో నువ్వు తెలుసుకోవాలి.

ఈ చలిదేశంలో నేనుండేది పల్లెటూరు. ఒక చర్చి, ఒక పెట్రోలు బంకు, రెండు పబ్బులు, నేను పనిచేసే ముసలివాళ్ళ హోము. మిగతాదంతా పచ్చిక, గొర్రెలు, రాళ్ళు పేర్చిన గోడలు. వాన కూడా మన వానలా కుమ్మేసి వెళ్ళిపోదు, కురుస్తోందో లేదో తెలియకుండా రోజంతా పట్టుకునే ఉంటుంది. సెలవొస్తే దుప్పటి కప్పుకుని గదిలో పడుండేదాన్ని. హోములో వంట చేసే మోరా అని ఒక పెద్దావిడ ఉంది. "ఇలా పడుకుంటే పిచ్చెక్కుతుంది పిల్లా, బూట్లు తొడుక్కో" అని లాక్కుపోయింది. అప్పట్నుంచి ప్రతి సెలవుకీ ఇద్దరం నడకే. కాలవ గట్టు వెంట, గుట్టల మీద, గొర్రెల దారుల్లో, బురదలో.

మొదట ఒక పాత క్రైస్తవ మఠానికి తీసుకెళ్ళింది. పైకప్పు ఎప్పుడో కూలిపోయింది, కిటికీల్లోంచి ఆకాశం కనపడుతోంది, లోపలంతా సమాధులు, గోడల మీద కాకులు. నాకు మన కొండపల్లి ఖిల్లా గుర్తొచ్చింది. దర్గాలో ఫాతిహా అయ్యాక అక్క మనిద్దర్నీ కొండెక్కించి, కూలిన గోడ నీడన కూర్చోబెట్టి పులిహోర పెట్టేది. కోతి వచ్చిందని నువ్వు పొట్లం వదిలేసి పరిగెత్తితే, నీ వంతు కూడా నేనే తిన్నానని అబద్ధం చెప్పి నన్ను తిట్టించావు. అప్పట్నుంచే ఉంది నీకీ విద్య.

చూసిన ప్రతి గోడా ఫోటో తీసి అక్కకి పంపేదాన్ని. అందంగా ఉందన్నయ్యా ఈ దేశం, కాదనను. అక్కకి చూపించడానికే చూసేదాన్ని నేను. తర్వాత తర్వాత జవాబుగా మాటలు రావడం మానేసి ఉత్త బొటనవేలి బొమ్మ వచ్చేది. ఆయాసంతో టైపు చెయ్యలేకపోతోంది పాపం అనుకున్నాను. అక్క ఫోన్లోంచి ఆ బొమ్మలు పెట్టింది ఎవరు? నువ్వా, పిల్లల చేత పెట్టించావా?

ఇంకోరోజు మోరా గుట్ట మీద పాడుబడ్డ ఊరు చూపించింది. మొండిగోడలే మిగిలాయి. పూర్వం కరువొచ్చి సగం మంది చచ్చిపోతే, మిగతావాళ్ళు ఓడలెక్కి వెళ్ళిపోయారట. వెళ్ళేవాడు ఇక తిరిగిరాడని, ముందురోజు రాత్రే ఊరంతా చేరి, చచ్చినవాడికి ఏడ్చినట్టు ఏడ్చి పంపేవాళ్ళట. "అయ్యో, బతికున్న మనిషికా?" అన్నాను. నవ్వుకున్నాను కూడా.

ఆ దారిలోనే ఒక బావి ఉంది. పక్కన ముళ్ళచెట్టు. కొమ్మకొమ్మకీ గుడ్డ పీలికలు! మన దర్గాలో కడతామే, అచ్చం అలాగే. దగ్గరికెళ్ళి ఒకటి ముట్టుకుని చూశాను. "జబ్బు మనిషి గుడ్డని ఈ నీళ్ళలో తడిపి కడతారు. గుడ్డ చీకిపోయేకొద్దీ జబ్బు పోతుందని మావాళ్ళ నమ్మకం" అంది మోరా. అక్కని ఆస్పత్రిలో చేర్పించామని అంతకుముందు రోజే చెప్పావు నువ్వు. నాన్న పరుపుల షాపులో చిన్నప్పట్నుంచీ దూది నుసి పీల్చి పీల్చి ఆ ఊపిరితిత్తులు అలా అయ్యాయి. అమ్మ పోయాక మన కడుపులు నిండింది ఆ దుమ్ములోనే కదా. నేను బయల్దేరేటప్పుడు తన పాత చీరలతో, దిండు గలేబుల పీలికలతో బొంత కుట్టి పెట్టెలో పెట్టింది, గుర్తుందా? మర్నాడే దాని అంచు కత్తిరించి, డ్యూటీ దిగి ఒక్కదాన్నే వానలో నడిచి వెళ్ళి ఆ చెట్టుకి కట్టాను. నాకు తెలిసిన దువాలన్నీ చదివాను.

తర్వాత నువ్వు ఫోన్ చేశావు. "అక్కకి నెమ్మదించిందే. డిశ్చార్జి చేశారు. పొద్దున రెండిడ్లీలు తింది, నిన్ను అడిగింది" అన్నావు. ఒక్కసారి ఇవ్వమంటే, "మాట్లాడితే ఆయాసమొస్తుంది, డాక్టరు వద్దన్నాడు, నువ్వు చదువుకో" అన్నావు. ఇడ్లీలు ఎన్ని తిందో కూడా చెప్పావు కదరా! రెండు!

నేనేం చేస్తాను? మొక్కు తీరగానే ముడి విప్పి చక్కెర పంచకపోతే అక్క ఊరుకునేదా మనల్ని? మళ్ళీ ఆ దారంతా నడిచాను. నడవడమేంటి, పరిగెత్తాను. ముడి తడిసి బిగుసుకుపోయి వేళ్ళకి రాలేదు. పళ్ళతో లాగాను. చేతులకి ముళ్ళు గీరుకున్నా తెలియలేదు. వచ్చేటప్పుడు స్వీట్ల డబ్బా కొని హోములో ముసలమ్మలందరి చేతుల్లో పెట్టాను, మా అక్కకి తగ్గిందండీ, మా అక్కకి తగ్గిందండీ అని. మంచంలోంచి లేవలేనివాళ్ళు కూడా నా చెయ్యి పట్టుకుని సంతోషపడ్డారు. మోరా నా చేతిలో పీలిక చూసి, "విప్పేశావా? మేం విప్పం, అదే చీకిపోవాలి" అంది. మా పద్ధతి వేరులే అన్నాను, గొప్పగా.

హసీనాని మళ్ళీ అడిగి తెలుసుకున్నాను. మీరంతా భవానీపురంలో అక్కకి మూడోరోజు జియారతు చేసి, ఖబరు మీద పూలు చల్లి వచ్చిన రోజు అది. అదే రోజు నేను స్వీట్లు పంచాను.

నేను విప్పడం వల్ల పోయిందనుకునేంత పిచ్చిదాన్ని కాను. విప్పేటప్పటికే అది మట్టిలో ఉంది. అక్క మట్టిలో ఉండగా నేను నవ్వుతూ తిరిగాను. చదివాను, రాశాను, పాసయ్యాను. అవును, పాసయ్యాను, నిన్ననే తెలిసింది. నీ కోరిక తీరింది, నువ్వూ పంచుకో చక్కెర. ఆ పాడుబడ్డ ఊరివాళ్ళు బతికున్నవాళ్ళకి కూడా కరువుతీరా ఏడ్చారు. నాకు పోయినదానికి ఏడ్చే రోజు కూడా లేకుండా చేశావు. జనాజా మోసేటప్పుడు నీకు తోడెవరున్నారో, నువ్వు అన్నం తిన్నావో లేదో, అదీ నాకు తెలియదు. చెప్పి ఉంటే కనీసం నీ కోసమైనా ఏడ్చేదాన్ని కదా.

పిన్నికి నా సలాం చెప్పు. ఆవిడ మోకాళ్ళ సంగతి ఉన్నదున్నట్టు రాయి. పిల్లలకి ముద్దులు. అక్క కుట్టుమిషను ఎవరికీ ఇవ్వొద్దు. పచ్చళ్ళేమీ పంపొద్దు, తినబుద్ధి కావడం లేదు. పెద్దవాడివి, నీ దువా అడగాలి. అడుగుతున్నాను, కోపం మాత్రం అలాగే ఉంది.

ఆ పీలిక ఈ కవర్లోనే పెట్టాను. నా పళ్ళగాట్లు ఇంకా ఉన్నాయి చూడు. అక్క ఖబరు దగ్గర ఏ కొమ్మ ఉంటే ఆ కొమ్మకి నీ చేత్తో కట్టు. గట్టిగా ముడెయ్యి అన్నయ్యా. దాన్ని చీకిపోనీ.

నీ చెల్లెలు
మీరాబీ