నీ ఇయర్‌ఫోన్లలో విన్నది

కరుణా, వందనాలు. నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. పొద్దున నీ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. నవ్వకు.

నీ చిన్న చెవులకు సరిపోయిన రబ్బరు మూతలు నా చెవుల్లోంచి జారిపోయాయి. డబ్బాలో మిగిలిన పెద్దవి తొడిగి, మెలితిప్పి నొక్కితే కుదిరాయి. మైపాడులో సముద్రపు హోరు ఆగడం అప్పుడే మొదటిసారి విన్నాను.

చేపలు ఎండబెడుతూ నువ్వు వినేవి సినిమా పాటలనుకున్నాను. నీ ఫోను నిండా గుడిలో నువ్వు రికార్డు చేసుకున్న నా ప్రసంగాలే. మైకు బాక్సుల్లో ఉరుములా ఉండే నా గొంతు ఇందులో కొబ్బరిమట్ట ఈడ్చినట్టుంది. ఫోను నీ ఒళ్లో ఉండేదేమో, నా కేకలు దూరంగా, నీ ఆమెన్ నా చెవి పక్కనే వినబడ్డాయి.

"చెవులకు బిరడాలు పెట్టుకునే ఆడోళ్లకు వాక్యం ఎట్టా ఎక్కతాది?" అని నిండు సంఘంలో నీ వైపు వేలు చూపించిన ఆదివారం కూడా ఉంది. అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక నువ్వు చిన్నగా ఆమెన్ అన్నావు.

వాక్యమంతా కంఠతా పట్టినవాణ్ని. ఏం వింటున్నావని నిన్ను ఒక్కసారీ అడగలేదు.

సాయంత్రం నీ జ్ఞాపకార్థ కూడికలో మైకు వద్దన్నాను. మీ చెల్లెలు ఊరుకుంటుందా? "ఏంది బావా, పక్కూరికి వినపడకపోతే నీకు నిద్ర పట్టదు గదా!" అంది.

మెల్లగా ప్రార్థన చేసి, ముగించాక అలవాటుగా ఆగాను. అందరూ ఆమెన్ అన్నారు. నీ అంత దగ్గరగా ఎవరూ అనలేదు.