పైపుల్లేని గడ్డి

మల్లేశు బావకు,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. గడ్డి పని మానేసి నేను డ్రైవరుగా చేరిన దోహా సేఠు, ఈ ఎండాకాలం కుటుంబంతో స్కాట్లాండ్ వెళ్తూ నన్నూ తీసుకుపోయాడు. కొండల మధ్య చిన్న ఊరు, ఊరి చివర గోల్ఫ్ మైదానం. సేఠు ఆడుతుంటే సంచి మోస్తూ వెనక నడిచాను.

దోహాలో మనిద్దరం గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసేటప్పుడు, ఇలాంటి చోటును టీవీలో చూసి నువ్వు నమ్మలేదు. "పైపు లేకుంట గింత పచ్చగుంటదారా? మట్టి కింద దాచిపెట్టిండ్రు. నా మాట తప్పయితే శుక్రవారం కోడికూర నేనే వండుత" అన్నావు.

"నీ కారం తినేదెవడు బావా?" అన్నాను.

గడ్డి కోసే మిషను బ్లేడుకు తగలకుండా, మట్టిలో దాగిన నీళ్ళ స్ప్రింక్లర్ల కోసం ముందే కాలితో తడిమే అలవాటు నాకింకా పోలేదు. అక్కడా తడుముతూనే నడిచాను. ఒక్కటీ తగల్లేదు. గడ్డి కోసే ముసలాయన చూసి, ఏం పోయిందని అడిగాడు. పైపులు వెతుకుతున్నానన్నాను. ఆయన నవ్వి, వేలెత్తి మబ్బును చూపించాడు.

కాసేపటికే వాన వచ్చింది. సేఠు వాళ్ళు గొడుగుల కిందికి పోయారు. నేను బూట్లు విప్పి గడ్డిలో నిలబడ్డాను. "పంట మీద బూట్లతోని నడుస్తరా?" అని దోహాలో బూట్లు విప్పి గడ్డి కోసి, సూపర్‌వైజరుతో తిట్లు తిన్నది నువ్వే కదా.

దోహాకు తిరిగొచ్చి, నిన్న శుక్రవారం నజ్మా బస్తీలో మన పాత రూముకు వెళ్ళాను. పందెం ఓడింది నువ్వే బావా, కూర మాత్రం నేను వండాను. కారం నీ లెక్క ప్రకారమే వేశాను. రూములో అందరూ నిన్ను తిట్టుకుంటూ, నీళ్ళు తాగుతూ, గిన్నె ఖాళీ చేశారు.