నర్సమ్మ చేత తిట్లు

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు. నావి కోడిగీతలు, తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోక బావగారి చేత చదివించుకో. ఫోనులో పక్కన మనుషులుంటే నాకు నోరు పెగలదు.

మేమిద్దరం కులాసా. నీ మేనకోడలు వస్తేగాని కంటి ఆపరేషన్ చేయించుకోనని, దాన్ని తీసుకురమ్మని నన్ను పంపావు. అది ఇప్పట్లో రాదు. ఈ దేశంలో సర్కారు ఆసుపత్రులను బాగుచేసే పనికంతా అదే పెద్ద.

నిన్న ఒక చిన్న ఆసుపత్రికి నన్నూ తీసుకెళ్ళింది. పిల్లలకు టీకాలు వేస్తుండగా కరెంటు పోయింది. చల్లదనం తగ్గితే మందు పాడవుతుందట. నర్సమ్మ మనమ్మాయి వైపు చూసింది. ఇది చేతులు కట్టుకుని కదలకుండా కూర్చుంది. నేను లేవబోతే చొక్కా పట్టి లాగింది.

"కూర్చో నాన్నా. ఇప్పుడు నేను లేస్తే, రేపు నేను లేనప్పుడూ నా కోసమే చూస్తుంది."

దాని ముఖం నిండా చెమటే. చివరికి నర్సమ్మే ఐసు పెట్టె ఈడ్చుకొచ్చి మందులన్నీ సర్దింది. సర్దాక మనమ్మాయిని ఏదో గట్టిగా అంది. ఏమందని అడిగాను.

"దొరసానిలా కూర్చున్నావు, మూతైనా పట్టుకోలేవా అని తిడుతోంది నాన్నా" అని ఒకటే నవ్వు.

ఇలాంటి ఆసుపత్రులు ఇంకా చాలా ఉన్నాయి. అన్నిచోట్లా ఇలా తిట్లు తిని, ఇక తన అవసరం లేదనిపించుకున్నాకే ఇంటికి వస్తుందట.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? పిల్లలకు దీవెనలు.

అక్కయ్యా, నువ్వు తన కోసమే ఆపరేషన్ ఆపుకున్నావని దానికి చెప్పలేదు. చెబితే అన్నీ వదిలేసి వచ్చేస్తుంది. బావగారిని తోడు తీసుకుని ఆపరేషన్ చేయించుకో. అత్త కన్ను ఎలా ఉందని రోజూ అడుగుతోంది. నాకు అబద్ధమాడడం చేతకాదు. ఏ రోజు కుదిరిందో త్వరగా జవాబు రాయించు.