నాలుగు శాతానికి ఒక గురువారం

మార్చి 8, బుధవారం

మధ్యాహ్నం 2.40. బడి క్యాంటీన్. పిల్లల పళ్ళేలు కడగడం అయింది. నాతో పనిచేసే డెనీస్ కస్టర్డ్ గరిట పట్టుకుని ఉన్నట్టుండి అడిగింది.

"నీ పన్ను లేని పొదుపు ఖాతాలో వడ్డీ ఎంతిస్తున్నారే?"

"ఏమో. ఏదో ఇస్తారులే, బ్యాంకు కదా."

"ఫోన్లో చూడు."

చూశాను. అర శాతం. సున్నా కాదు, అంతవరకూ సంతోషం.

డెనీస్ గరిట కింద పెట్టేసింది. "నాకు నాలుగిస్తున్నారు. ఏటేటా ఖాతా మారుస్తా కాబట్టి. నువ్వేమైనా ఆ బ్యాంకుకి పెళ్ళానివా, ఊరికే సేవ చేయడానికి?"

ముప్పై ఎనిమిది వేల పౌండ్లు! 1999 నుంచి కడుపు కట్టుకుని కూడబెట్టినవి!

సాయంత్రం 5.30. పాత కవరు వెనక లెక్క. ఇప్పుడు ఏడాదికి 190 వస్తోంది. నాలుగు శాతమైతే 1,520. తేడా వారానికి పాతిక పౌండ్ల పైచిలుకు.

గురువారం సాయంత్రాలు పళ్ళ డాక్టరు ఐన్స్‌వర్త్ గారి క్లినిక్ తుడిస్తే నాకొచ్చేది వారానికి ఇరవై ఆరు.

రెండంకెలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. అరవై ఒకటో ఏట, ఈ మోకాళ్ళతో, ఆ మూడంతస్తుల మెట్లూ నేను తుడుస్తున్నది బ్యాంకు వాడి కోసమన్నమాట. ఛీ నా బతుకు.

తీర్మానం: ఏప్రిల్ లోపు డబ్బు మారుస్తాను. గురువారాలు మానేస్తాను. ఒట్టు!!

మార్చి 9, గురువారం

1.15. కొత్త బ్యాంకుకి ఫోన్ చేశాను. పిల్ల గొంతు తేనె.

"మేడమ్, ఒక్క మాట. డబ్బు మీరు మాత్రం తియ్యకండి. మా ఫారం నింపండి, పాత బ్యాంకు నుంచి మేమే తెచ్చుకుంటాం. మీరే తీసేస్తే ఆ డబ్బుకి పన్ను మినహాయింపు పోతుంది. మళ్ళీ లోపల వేద్దామంటే ఏడాదికి ఇరవై వేలే వెయ్యనిస్తారు."

అర్థమైంది. మడి కట్టుకున్న డబ్బు. నేను ముట్టుకుంటే మైల.

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"పదిహేను పనిదినాలు."

ఓస్, ఇంతేనా!

6.00. క్లినిక్. డాక్టరు గారితో చెప్పేశాను, ఈ నెలాఖరు దాకానే వస్తానండీ అని.

"అయ్యో గేనర్, ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు కాదండీ, వడ్డీ."

ఆయనకి అర్థం కాలేదు. నేను మాత్రం ఈలేసుకుంటూ మెట్లు తుడిచాను.

మార్చి 13, సోమవారం

ఫారం నింపాను. నాలుగు పేజీలు. సంతకం. పోస్టు డబ్బాలో వేశాను. ఆ సంబరంలో బంగాళాదుంపలు కూరిన బటర్ పై తిన్నాను. రెండు తిన్నాను. ఇంత సులువని తెలిస్తే ఇరవై ఏళ్ళ కిందటే చేసేదాన్ని కదా.

మార్చి 20, సోమవారం

ఉత్తరం వచ్చింది. "పేర్లు కలవడం లేదు."

ఫారంలో: గేనర్ సగ్డెన్. పాత ఖాతాలో: గేనర్ త్రెల్‌ఫాల్.

త్రెల్‌ఫాల్! ఆ ట్రెవర్‌తో నాకు విడాకులై పదిహేనేళ్ళు. కరెంటు బిల్లు మీద ఆ ఇంటిపేరు తీయించాను, లైబ్రరీ కార్డు మీద తీయించాను, ఆఖరికి పిల్లి మందుల చీటీ మీద కూడా తీయించాను. బ్యాంకు సంగతే మర్చిపోయాను. పైసా పెట్టనివాడి పేరు ఇన్నేళ్ళూ నా డబ్బు మీద కాలు మీద కాలేసుకు కూర్చుంది.

పాత బ్యాంకుకి ఫోన్. నలభై నిమిషాలు సంగీతం. తర్వాత ఒక అబ్బాయి: "పేరు మార్చాలంటే విడాకుల కాగితం పంపండి. కోర్టు ముద్ర ఉన్నది."

ఆ కాగితం వచ్చిన రోజే డెనీస్ పెరట్లో దాంతో బొగ్గులు రాజేసి సాసేజీలు కాల్చుకున్నాం. చాలా రుచిగా ఉన్నాయి.

ఇంకో ప్రతి ట్రెవర్ దగ్గర ఉండాలి. ఖర్మ.

మార్చి 21, మంగళవారం

ట్రెవర్ ఇంటికి వెళ్ళలేదు. వాన.

మార్చి 22, బుధవారం

వాన లేదు. మోకాలు నొప్పి.

మార్చి 23, గురువారం

క్లినిక్ నుంచి వాడిల్లు రెండు వీధులే. కానీ చేతులంతా బ్లీచు వాసన. ఆ వాసనతో ఏం వెళ్తాం?

ఫోన్లో డెనీస్: "వదిలేసిన మొగుడి దగ్గరికి సెంటు పూసుకుని వెళ్తావుటే? సిగ్గులేకపోతే సరి."

మార్చి 24, శుక్రవారం

4.30. వెళ్ళాను. (సెంటు కొంచెమే.)

పెరట్లో పావురాలకి గింజలేస్తున్నాడు. "ఏం గేనర్, దారి తప్పావా?"

"విడాకుల కాగితం కావాలి."

"ఇప్పుడెందుకు? మళ్ళీ విడిపోదామనా?"

అరగంట అటక మీద దగ్గాడు. పావురాల పందెంలో గెలిచిన కప్పుల కింద దొరికింది. మా పెళ్ళి గురించి ఒక పావురం తన అభిప్రాయం కూడా దాని మీద వేసి ఉంచింది.

టీ పోస్తూ అడిగాడు. "ఎంతుందేంటి అందులో?"

"ముప్పై ఎనిమిది."

"వందలా?"

"వేలు."

టీ కప్పు దాటి పళ్ళెంలోకి పోయింది. "మనం కలిసున్నప్పుడు మొదలెట్టిందేగా. న్యాయంగా అందులో సగం..."

"ఆ ఖాతా ఒక్కరి పేరు మీదే ఉండాలని చట్టమే రాశారు నాయనా. నీ పేరు అతుక్కుంది గానీ నీ రూక ఒక్కటైనా అతుక్కుందా?"

నవ్వేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నువ్వెళ్ళాక కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో కూడా తెలీలేదు నాకు. మూడు రోజులు చీకట్లో కూర్చున్నా."

జాలేసింది. కొంచెమే. కాగితం తుడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

మార్చి 25, శనివారం

10.10. పాత బ్యాంకు. పేరు మార్చడానికి పది పనిదినాలు. ఆ తర్వాత డబ్బు పంపడానికి పదిహేను.

10.30. కొత్త బ్యాంకు. నాలుగు శాతం ఖాతా ఈ నెల 31తో ఆపేస్తున్నారట!!

10.50. టీ.

11.05. ఇంకో టీ.

11.20. ఫోన్లో పాత బ్యాంకు యాప్ తెరిచాను. "డబ్బు తీసుకోండి" అని ఒక మీట. పచ్చగా, ముద్దుగా ఉంది. అది ఇంటిపేరు అడగదు. విడాకుల కాగితం అడగదు.

11.21. నొక్కాను.

11.22. ముప్పై ఎనిమిది వేలూ నా జీతం ఖాతాలో!

11.30. ఆకాశమేం ఊడిపడలేదు.

మార్చి 27, సోమవారం

బడికి గంట సెలవు పెట్టి కొత్త బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి తెర చూసి నన్ను చూసింది.

"ఇది ఫారం మీద రాలేదే?"

"నేనే తెచ్చానమ్మా. చేతులు కడుక్కునే."

నవ్వలేదు. ఇరవై వేలు తీసుకుంది. పద్దెనిమిది వేలు వెనక్కి నెట్టింది.

"ఏప్రిల్ ఆరున పన్నుల కొత్త ఏడాది మొదలవుతుంది మేడమ్. అప్పుడు మిగతాది వేసుకోవచ్చు, ఆ రోజున్న వడ్డీకి. ఈ పది రోజులూ దాన్ని అలా ఉంచండి, చాలు."

అలా ఉంచడమే కదా. దానిదేముంది!

డెనీస్‌కి చెప్పాను. "ముట్టుకోవద్దన్నారు కదే మొద్దూ!" అంది. బంగాళాదుంపలు చెక్కుతున్నంతసేపూ అదే మాట.

మార్చి 28, మంగళవారం

కారు గేరు పెట్టె మార్పించాను. 1,150. ఇది ఖర్చు కాదు, అవసరం.

మార్చి 29, బుధవారం

సోఫా. 1,850. పాతదాంట్లో స్ప్రింగు గుచ్చుకుంటోంది. వచ్చే వారం నుంచి గురువారాలు ఖాళీ కదా, కూర్చోవడానికి ఏదో ఒకటి ఉండాలా వద్దా?

మార్చి 30, గురువారం

క్లినిక్‌లో ఆఖరి రోజు. పద్నాలుగేళ్ళ సేవకి డాక్టరు గారు పళ్ళు తోముకునే బ్రష్షు ఇచ్చారు. కరెంటుది. ఛార్జరు లేదు.

ఏప్రిల్ 1, శనివారం

డెనీస్ సెలవులకి టెనెరీఫ్ దీవికి వెళ్తోందట, గదిలో రెండో మంచం ఖాళీగా పోతోందట. మంచం ఖాళీగా పోవడం పాపం కాదూ? 1,400.

ఏప్రిల్ 3, సోమవారం

తనంతట తనే తిరుగుతూ ఇల్లు ఊడ్చే యంత్రం. 400. నా జన్మలో మొదటిసారి నాకొక పనిమనిషి! పది నిమిషాల్లో కొత్త సోఫా కింద ఇరుక్కుని అరవడం మొదలెట్టింది. మోకాళ్ళ మీద వంగి నేనే లాగాల్సి వచ్చింది.

ఏప్రిల్ 5, బుధవారం

7.00. ఖాతా చూశాను. 13,200.

మళ్ళీ చూశాను. అంతే ఉంది.

4,800 ఎగిరిపోయాయి. ఎనిమిది రోజుల్లో. ఇరవై ఆరుతో భాగించాను. భాగించకుండా ఉండాల్సింది. నూట ఎనభై అయిదు గురువారాలు! మూడున్నరేళ్ళు వంగి తుడిస్తే వచ్చేది!

ఆ ముదనష్టపు అర శాతం బ్యాంకే నయం. ఇరవై నాలుగేళ్ళు నా డబ్బుని నా నుంచి కాపాడింది. ఇవాళ నా మీద నాకే అసహ్యంగా ఉంది. అన్నం సయించలేదు. బటర్ పై కూడా సయించలేదు.

ఏప్రిల్ 6, గురువారం

9.15. బ్యాంకు తలుపు తీయకముందే నిలబడ్డాను. మిగిలిన 13,200 వేశాను. ఇవాళ్టి వడ్డీ మూడు శాతమే.

9.50. బ్యాంకు బయట కారులోనే లెక్క. పాత వడ్డీ పోను, అదనంగా వారానికి పంతొమ్మిది పౌండ్లు. కావలసింది ఇరవై ఆరు. ఏడు తక్కువ. ఖాళీ గురువారాలు నిలబెట్టుకోవడానికి ఏడంటే ఏడు పౌండ్లు తక్కువ!

11.00. డాక్టరు గారి ఫోన్. "గేనర్, ఎవరూ దొరకలేదు. కొన్నాళ్ళు రాగలవా?"

సరేనండీ అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, నెల లోటుకి ఒక్క గురువారం జీతం ఇంచుమించు చాలని అప్పుడు తట్టింది.

"నెలకొక్క గురువారం వస్తానండీ."

"మరి మిగతా మూడు?"

"చేతులున్నాయిగా మీకు. రోజంతా జనం నోళ్ళలో పెడతారు, ఒక గంట చీపురు పట్టుకోలేరా?"

ఉద్యోగం పూర్తిగా ఊడిందనుకున్నాను.

"గేనర్... చీపురు ఎక్కడుంటుంది?"

సాయంత్రం 6.00. గురువారం. నేను ఇంట్లో ఉన్నాను. కాళ్ళు సోఫా మీద.

6.10. ఏడుపొచ్చింది. ఆనందంతోనే. పద్నాలుగేళ్ళుగా గురువారం ఈ వేళప్పుడు మా వీధిలో ఎండ ఎటు పడుతుందో నేను చూడనే లేదు.

7.20. డెనీస్ మెసేజ్: "ఇంకో బ్యాంకులో 4.3 ఇస్తున్నారే! ఫారం నింపు. నువ్వు ముట్టుకున్నావో, చేతులు విరగ్గొడతా."

7.25. తీర్మానం: ఆ మూడు శాతం డబ్బు మారుస్తాను. ఈసారి ఫారం మీదే. ముట్టుకోను. పచ్చమీట కనపడినా సరే, ముట్టుకోను. ఒట్టు!!

రేపటి నుంచి ఈస్టర్ సెలవులు, బ్యాంకులు మూత. మంగళవారం పొద్దున్నే మొదలు.

7.40. లెక్క వేశాను. వారానికి ఇంకో మూడు పౌండ్లు పైన, నెలకి పదమూడు. అంటే మిగిలిన ఆ ఒక్క గురువారంలో కూడా సగం నాదే. సగం మెట్లు తుడిచి, చీపురు డాక్టరు గారి చేతిలో పెట్టి వచ్చేస్తాను.