నీళ్ళ విలువతో ఇనుము లెక్క

మంగళవారం, మేడ్చల్

షెడ్డులో మా ఫిట్టరు యాదయ్య హీటరు మీది ఇనుప రింగు ఎంత కాలిందో తెలియడానికి దానిపై నీటిచుక్క వేసి చూడబోతే నేనే ఆపాను. "లెక్క ప్రకారం పది డిగ్రీలే పెరిగింది, చేత్తో తియ్యి" అన్నాను.

"కాల్తది సార్, జర ఆగుండ్రి."

"ఇంజనీరువి నువ్వా, నేనా?" అని అందరిముందూ అరిచాను. పట్టుకున్నాడు. అరచేయంతా బొబ్బలెక్కింది.

అతన్ని ఆస్పత్రికి పంపాక కాగితం మళ్ళీ చూశాను. ఇనుము విశిష్టోష్ణం వేయాల్సినచోట అలవాటుకొద్దీ నీళ్ళది వేశాను; ఇనుముకంటే నీళ్ళు వేడెక్కడానికి తొమ్మిది రెట్లు ఎక్కువ వేడి కావాలి. పెరిగింది పది కాదు, తొంభై. కాగితం చింపేసి, రిజిస్టరులో ‘గ్లవ్స్ వేసుకోలేదు’ అని రాశాను.

సాయంత్రం సుచిత్ర చౌరస్తా దగ్గరి ఆస్పత్రికి వెళ్ళాను. యాదయ్య కట్టు కట్టిన చెయ్యి దాచుకుంటూ, "సుక్కేసి సూడకుండ పట్టుకున్న, తప్పు నాదే సార్" అన్నాడు.

అవునన్నాను.