నీ ఎడిటర్ తెరుచుకుంది, అన్నా

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చింతామణిలో మన టైపింగ్ అంగడికి మొన్న కొత్త కంప్యూటర్ తెచ్చాను. తెలుగు, కన్నడ ఒకే పేజీలో సులువుగా కొట్టడానికి నువ్వు మార్చి పెట్టుకున్న ఎడిటర్ ప్రోగ్రాం అందులో లేదు. అది బయట దొరికేది కాదు. నువ్వు పెన్ డ్రైవ్‌లో దాచిన సోర్స్ కోడ్ నుంచి మళ్ళీ తయారు చేసుకోవాల్సిందే.

ఈ ఉదయం నీ నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో కమాండే కొట్టాను. దానికి కావాల్సిన ఏదో లైబ్రరీ ఫైలు లేదని రెండుసార్లు ఆగిపోయింది. అది వేసి మళ్ళీ కంపైల్ చేశాను. తెర మీద వరుసలు చాలాసేపు పరుగెత్తి, ఎర్రర్ లేకుండా నిలిచాయి. ఇన్‌స్టాల్ చేస్తే నీ ఎడిటర్ తెరుచుకుంది.

పెళ్ళిపత్రిక కొట్టించడానికి బట్లహళ్ళి నుంచి వచ్చిన గౌరమ్మ అంతా చూస్తూనే ఉంది.

"ఇదంతా ఎవురు నేర్పిచ్చినారమ్మా నీకు?" అంది.

"మా అన్న" అన్నాను.

అబద్ధమే చెప్పాను. నువ్వు కుర్చీ జరిపి, "రామ్మా, ఒక పూట పక్కన కూసో, నేర్పిస్తా" అని ఎన్నిసార్లు పిలిచావో! పిలిచిన ప్రతిసారీ నేను తల కూడా ఎత్తకుండా ఒకటే మాట అన్నాను.

"నువ్వుండావు కదన్నా, నాకెందుకు?"